ఫైల్ టైమ్‌స్టాంపులు మార్చే సిస్టమ్ కాల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాకప్ స్క్రిప్టు రాసేవాళ్ళకు, సింక్ టూల్ తయారుచేసేవాళ్ళకు, పాత ఫొటోలను ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కి మార్చుకునేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం వస్తుంది: ఫైల్ టైమ్ మార్చాలి, లేదా మారకుండా కాపాడుకోవాలి. ప్రోగ్రామ్ ఈ పనిని కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్య భాగాన్ని, అడిగే పద్ధతే సిస్టమ్ కాల్. అడిగే సందేహాలు మాత్రం దాదాపు ప్రతిసారీ అవే. అందుకని అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఎక్కువగా లినక్స్ గురించే ఉంటుంది. విండోస్, మ్యాక్ సంగతులు చివర్లో ఉన్నాయి. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఒక ఫైల్‌కి అసలు ఎన్ని టైమ్‌లు ఉంటాయి?

యూనిక్స్ సంప్రదాయంలో మూడు. ఫైల్‌ని చివరిసారి చదివిన సమయం ఏటైమ్. లోపలి సమాచారం చివరిసారి మారిన సమయం ఎంటైమ్. ఫైల్ గురించిన వివరాలు, అంటే పర్మిషన్లు, ఓనర్, లింకుల సంఖ్య, సైజు లాంటివి చివరిసారి మారిన సమయం సీటైమ్. ఈ మూడూ ఐనోడ్‌లో, అంటే ఫైల్ వివరాలు దాచే రికార్డులో, ఉంటాయి, ఫైల్ పేరుకి అంటుకుని ఉండవు. అందుకే ఒకే ఫైల్‌కి రెండు హార్డ్ లింకులు, అంటే రెండు పేర్లు, ఉంటే, ఏ పేరు మీద టైమ్ మార్చినా రెండో పేరు మీదా అదే కనిపిస్తుంది.

నాలుగోది ఫైల్ పుట్టిన సమయం, బీటైమ్. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు దీన్ని దాచుకుంటాయి. లినక్స్‌లో దీన్ని చదవడానికి 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చిన స్టాట్‌ఎక్స్ కాల్ వాడాలి. చదవడం వరకే, మనకిష్టమైన విలువ పెట్టడానికి లినక్స్‌లో మామూలు కాల్ ఏదీ లేదు.

టచ్ కమాండ్ ఉంది కదా, సిస్టమ్ కాల్స్ గురించి నాకెందుకు?

చేత్తో రెండు ఫైళ్ళ టైమ్ మార్చాలంటే టచ్ చాలు. ప్రోగ్రామ్ లోపలి నుంచి వేల ఫైళ్ళకు మార్చాలన్నా, ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలియాలన్నా కింద ఏం జరుగుతోందో తెలియక తప్పదు. ప్రోగ్రామ్ పిలిచే సిస్టమ్ కాల్స్‌ని చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి గ్నూ టచ్‌ని ఒకసారి నడిపి చూడండి. ముందు ఫైల్‌ని రాయడానికి ఓపెన్ చేస్తుంది, లేకపోతే కొత్తగా సృష్టిస్తుంది. ఆ ఓపెన్ ఫైల్‌కి కెర్నల్ ఇచ్చే గుర్తింపు నంబరుని, అంటే డిస్క్రిప్టర్‌ని, 0కి తెచ్చుకుంటుంది. తర్వాత యూటైమెన్సాట్ అనే కాల్‌ని పిలుస్తుంది: మొదటి ఆర్గ్యుమెంట్ 0, పాత్ (ఫైల్ ఉన్న చోటు, పేరు) నల్, అంటే ఖాళీ, టైమ్‌లు నల్, ఫ్లాగులు 0. అంటే ‘ఈ ఓపెన్ చేసిన ఫైల్‌కి రెండు టైమ్‌లూ ఇప్పటికి మార్చు’ అని. టచ్ చేసే పనంతా దాదాపు ఇంతే.

యూటైమ్, యూటైమ్స్, యూటైమెన్సాట్, ఎఫ్‌యూటైమెన్స్... ఇన్ని ఎందుకు? నేను ఏది వాడాలి?

కొత్త కోడ్ అయితే చివరి రెండే వాడండి. పాత్ చేతిలో ఉంటే యూటైమెన్సాట్, ఫైల్ ఓపెన్ చేసి ఉంటే ఎఫ్‌యూటైమెన్స్.

మిగతావి చరిత్ర మిగిల్చినవి. యూటైమ్ 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో ఉంది; సెకన్ల వరకే పట్టుకుంటుంది. యూటైమ్స్ 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చి మైక్రోసెకన్ల వరకు తీసుకెళ్ళింది. యూటైమెన్సాట్ నానోసెకన్లు ఇస్తుంది. లినక్స్‌లోకి 2007లో 2.6.22 కెర్నల్‌తో వచ్చింది, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ 2008లో చేరింది. అదే ప్రమాణం యూటైమ్‌ని కాలం చెల్లినదిగా గుర్తించింది. ఆర్మ్ 64 లినక్స్‌లో అయితే యూటైమ్, యూటైమ్స్ అనే సిస్టమ్ కాల్స్ కెర్నల్‌లో లేనే లేవు. ఆ పేర్లతో మీరు పిలిచినా సీ లైబ్రరీ లోపల యూటైమెన్సాట్‌కే మళ్ళిస్తుంది.

నానోసెకన్లు అవసరమా అనిపించవచ్చు. ఫైల్‌ని కాపీ చేసి దానికి అసలు ఫైల్ టైమే పెట్టాలనుకుంటే అవసరమే. సెకన్ల కాల్ వాడితే భిన్నం భాగం తెగిపోతుంది. కాపీ ఎంటైమ్ అసలుదానికంటే కొద్దిగా పాతదైపోతుంది. ‘కొత్తదైతేనే కాపీ చెయ్యి’ అనే ప్రతి టూలూ ఆ ఫైల్‌ని మళ్ళీ మళ్ళీ కాపీ చేస్తూనే ఉంటుంది.

## కాల్ రాసేటప్పుడు

యూటైమెన్సాట్‌కి ఏమేం ఇవ్వాలి?

నాలుగు. మొదటిది డైరెక్టరీ డిస్క్రిప్టర్. ప్రస్తుత డైరెక్టరీ నుంచి చూడమనడానికి ఏటీ ఎఫ్‌డీసీడబ్ల్యూడీ అనే స్థిరాంకం ఉంది. రెండోది పాత్. మూడోది, రెండు టైమ్‌స్పెక్‌ల (సెకన్లు, నానోసెకన్లు కలిసిన జతల) అర్రే: మొదటిది ఏటైమ్, రెండోది ఎంటైమ్. ఈ వరుస తారుమారైతే ఎర్రర్ రాదు, టైమ్‌లు తలకిందులవుతాయంతే. కాబట్టి రాసిన వెంటనే, ఫైల్ వివరాలు చూపించే స్టాట్‌తో సరిచూసుకోండి. నాలుగోది ఫ్లాగులు, మామూలుగా 0. అర్రే బదులు నల్ ఇస్తే రెండు టైమ్‌లూ ప్రస్తుత సమయానికి మారతాయి.

ఎంటైమ్ ఒక్కటే మార్చి ఏటైమ్‌ని ముట్టుకోకుండా ఉండాలి. ముందు స్టాట్‌తో చదివి అదే తిరిగి రాయనా?

వద్దు. మీరు చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకో ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని చదివితే, దాని టైమ్‌ని మీరు పాతదానితో తుడిచేసినట్టే. అందుకోసమే యూటైమ్ ఒమిట్ అనే ప్రత్యేక విలువ ఉంది. ఏటైమ్ టైమ్‌స్పెక్‌లోని నానోసెకన్ల ఫీల్డ్‌లో దాన్ని పెడితే కెర్నల్ ఆ టైమ్‌ని వదిలేస్తుంది, సెకన్ల ఫీల్డ్‌ని అసలు చూడదు. యూటైమ్ నౌ అని ఇంకోటి ఉంది, అది ఆ ఒక్క టైమ్‌నే ఇప్పటికి మారుస్తుంది. పాత యూటైమ్, యూటైమ్స్‌లలో ఈ సౌకర్యం లేదు. నాకైతే కొత్త కాల్‌కి మారడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఆగస్టు 15 అర్ధరాత్రి అని ఇచ్చాను. సర్వర్‌లో చూస్తే 14వ తేదీ సాయంత్రం ఆరున్నర అంటోంది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. ఐనోడ్‌లో ఉండేది 1970 జనవరి 1 యూటీసీ నుంచి లెక్కపెట్టిన సెకన్ల సంఖ్య. దానికి ఏ దేశపు టైమ్ జోనూ లేదు. 2024 ఆగస్టు 15 భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి 12 గంటలు అంటే 1723660200. మీ ల్యాప్‌టాప్ భారత కాలమానంలో ఉంటే అది 15వ తేదీ 00:00 అని చూపిస్తుంది. యూటీసీలో ఉన్న సర్వర్ అదే సంఖ్యని 14వ తేదీ 18:30 అని చూపిస్తుంది. తేడా ఐదున్నర గంటలు, 19800 సెకన్లు.

నిజమైన పొరపాటు ఇంకోచోట జరుగుతుంది. టైమ్ జోన్ రాయకుండా తేదీని అక్షరాల్లో ఇచ్చి, దాన్ని సెకన్లలోకి మార్చే పని యూటీసీ సర్వర్ మీద చేయిస్తే వచ్చే సంఖ్య 1723680000. ఇది వేరే క్షణం, మన అర్ధరాత్రి కాదు. తేదీ పక్కన ‘+05:30’ రాయడం అలవాటు చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

పాత్ ఇవ్వడం మంచిదా, ఓపెన్ చేసిన డిస్క్రిప్టర్ ఇవ్వడం మంచిదా?

ఫైల్‌లో రాసింది కూడా మీ ప్రోగ్రామే అయితే డిస్క్రిప్టరే మంచిది. పాత్ అంటే పేరు. మీరు రాయడం ముగించిన క్షణానికీ టైమ్ పెట్టే క్షణానికీ మధ్య ఆ పేరు మీద వేరే ఫైల్ వచ్చి కూర్చోవచ్చు. డిస్క్రిప్టర్ మాత్రం మీరు ఓపెన్ చేసిన ఆ ఫైల్‌నే పట్టుకుని ఉంటుంది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ యూజర్‌గా, నడిచే ప్రోగ్రాముల్లో ఇది భద్రతకు సంబంధించిన విషయం కూడా. అందరూ రాయగలిగే టెంప్ లాంటి డైరెక్టరీల్లో పాత్ మీద ఆధారపడకండి.

సింబాలిక్ లింక్ టైమ్ మార్చబోతే అది చూపించే ఫైల్ టైమ్ మారింది. ఎందుకు?

మామూలుగా యూటైమెన్సాట్ లింక్ వెంట వెళ్ళి అసలు ఫైల్‌నే పట్టుకుంటుంది. లింక్ టైమే మార్చాలంటే నాలుగో ఆర్గ్యుమెంట్‌గా ఏటీ సిమ్‌లింక్ నోఫాలో ఫ్లాగ్ ఇవ్వండి. టచ్‌లో దీనికి ‘-హెచ్’ ఆప్షన్, పైథాన్‌లో ఫాలో సిమ్‌లింక్స్‌కి ఫాల్స్.

పైథాన్‌లో ఒక ఫైల్ ఎంటైమ్ చదివి ఇంకో ఫైల్‌కి పెట్టాను. రెండూ సమానం కావట్లేదు, చివరి అంకెల్లో తేడా. ఎందుకు?

టైమ్‌ని ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, చదివి ఉంటారు. ఫ్లోట్‌లో కచ్చితంగా నిలిచేది 53 బిట్లే. ఇప్పటి సెకన్ల సంఖ్య 170 కోట్లు దాటింది కాబట్టి, పక్కపక్కన ఉన్న రెండు ఫ్లోట్ విలువల మధ్య దూరం దాదాపు 238 నానోసెకన్లు. మధ్యలోవి పోతాయి. స్టాట్ ఇచ్చే నానోసెకన్ల పూర్ణాంకాలను తీసుకుని, ఓఎస్ మాడ్యూల్‌లోని యూటైమ్‌కి ‘ఎన్‌ఎస్’ ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. పైథాన్ 3.3 నుంచి ఈ సౌకర్యం ఉంది. పూర్ణాంకాలు కనుక చదివింది చదివినట్టే వెళ్తుంది. సమానంగా ఉన్నాయో లేదో పోల్చేటప్పుడు కూడా ఆ పూర్ణాంకాలనే వాడండి.

## ఎర్రర్ వచ్చినప్పుడు

ఫైల్‌లో రాసే పర్మిషన్ నాకుంది. టచ్ పనిచేస్తోంది. పాత తేదీ పెడితే మాత్రం ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటోంది. ఇదేం న్యాయం?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఒకే గ్రూపులో ఉన్న ఇద్దరు డెవలపర్లు ఒకే ప్రాజెక్టు ఫోల్డర్ వాడుకుంటున్నప్పుడు తప్పక ఎదురవుతుంది.

కెర్నల్ ఇక్కడ రెండు పనులను వేరుగా చూస్తుంది. రెండు టైమ్‌లనూ ఇప్పటికి మార్చడం ఒక పని. ఫైల్‌లో రాయగలిగినవాళ్ళు ఒక బైట్ చదివి, అదే తిరిగి రాస్తే టైమ్‌లు ఎలాగూ ఇప్పటికి మారతాయి కాబట్టి, రాసే పర్మిషన్ ఉన్నవాళ్ళందరినీ ఈ పని చెయ్యనిస్తుంది. మనకిష్టమైన తేదీ పెట్టడం వేరే పని. అది ఆ ఫైల్ గురించి నిజం కాని మాట చెప్పగలిగే అధికారం. దాన్ని ఓనర్‌కి, సీఏపీ ఫోనర్ అనే అధికారం ఉన్న ప్రాసెస్‌కి మాత్రమే ఇస్తుంది. రూట్‌కి మామూలుగా అది ఉంటుంది. గ్రూపులో ఉన్నంత మాత్రాన చాలదు.

ఇంకో మెలిక ఉంది. ఒక టైమ్‌ని ఇప్పటికి మార్చి రెండోదాన్ని వదిలెయ్యమన్నా ఓనర్ అయి ఉండాల్సిందే. అందుకే ఓనర్ కానివాళ్ళకు మామూలు టచ్ పనిచేస్తుంది, ‘-ఎమ్’ ఆప్షన్‌తో టచ్ చేస్తే ఎర్రర్ వస్తుంది.

గుర్తుపట్టడం తేలిక. ‘పర్మిషన్ డినైడ్’ అంటే రాసే పర్మిషన్ లేదు, లేదా పాత్‌లోని ఏదో డైరెక్టరీలోకి ప్రవేశం లేదు. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటే మీరు ఓనర్ కాదు. రెండో సందర్భంలో ఫైల్ మోడ్‌ని 777 చేసి అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చినా ఉపయోగం లేదు. ఓనర్‌ని మార్చాలి, లేదా ఆ పని ఓనర్ చేత చేయించాలి.

నేను రూట్‌నే. అయినా మారట్లేదు.

ఫైల్ మీద ఇమ్యూటబుల్ (మార్చకూడదు అనే) గుర్తు ఉందేమో ఎల్ఎస్ఆట్ర్ కమాండ్‌తో చూడండి. వివరాల్లో ‘ఐ’ అక్షరం కనిపిస్తే రూట్ అయినా టైమ్ మార్చలేరు. ముందు ఆ గుర్తు తీసెయ్యాలి. ‘ఏ’ ఉంటే అపెండ్ ఓన్లీ, అంటే చివర చేర్చడమే కుదిరే ఫైల్: ఇప్పటి టైమ్ పెట్టొచ్చు, పాత తేదీ పెట్టలేరు. ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీగా మౌంట్ అయి ఉంటే వచ్చే ఎర్రర్ వేరు, అది పేరులోనే విషయం చెప్పేస్తుంది.

‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ వస్తోంది. తేదీ సరిగ్గానే ఉంది.

నానోసెకన్ల ఫీల్డ్ 0 నుంచి 999999999 మధ్య ఉండాలి. రెండు టైమ్‌లు కూడినప్పుడు నానోసెకన్లు వంద కోట్లు దాటితే సెకన్లలోకి ఒకటి కలిపి మిగతాది ఉంచాలి. 1970కి ముందు తేదీలతో కూడా ఇది వస్తుంది. మైనస్ ఒకటిన్నర సెకన్లు అంటే సెకన్లు -2, నానోసెకన్లు 500000000. నానోసెకన్లు ఎప్పుడూ మైనస్ కాకూడదు.

## ఎర్రర్ రాలేదు, టైమ్ మాత్రం తప్పు

టైమ్ పెట్టాను, కాల్ 0 ఇచ్చింది. ఫైల్ మూసేశాక చూస్తే మళ్ళీ ఇప్పటి టైమే ఉంది!

సీ భాషలో ఎఫ్‌ప్రింట్‌ఎఫ్, ఎఫ్‌రైట్ లాంటివి వాడి ఉంటారు. అవి రాసింది వెంటనే కెర్నల్‌కి చేరదు, లైబ్రరీ బఫర్‌లో ఆగుతుంది. మీరు టైమ్ పెట్టేనాటికి సమాచారం ఇంకా బఫర్‌లోనే ఉంది. ఎఫ్‌క్లోజ్ దాన్ని కెర్నల్‌కి తోసింది, అప్పుడు జరిగిన అసలు రైట్ ఎంటైమ్‌ని ఇప్పటికి మార్చేసింది. ముందు ఎఫ్‌ఫ్లష్ చేసి, ఆ తర్వాత ఎఫ్‌యూటైమెన్స్ పిలిచి, అప్పుడు మూసెయ్యండి. పైథాన్, జావా, ఏ భాషలోనైనా బఫర్ ఉన్న చోటల్లా ఇదే సూత్రం: రాయడం పూర్తిగా అయిపోయాకే టైమ్.

ఎమ్‌మ్యాప్‌తో, అంటే ఫైల్‌ని మెమరీలోకి అమర్చుకుని, రాస్తున్నట్టయితే ఇంకా జాగ్రత్త. ఎంటైమ్ మార్పు రాసిన తర్వాత, మార్పుల్ని ఫైల్‌కి చేర్చే ఎమ్‌సింక్‌కి ముందు ఎప్పుడైనా జరగవచ్చు. కాబట్టి ఎమ్‌సింక్ చేశాక టైమ్ పెట్టండి.

టైమ్ పెట్టాక పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ చేసినా ఎంటైమ్‌కి ఏమీ కాదు. సీటైమ్ మాత్రమే కదులుతుంది.

ఫైళ్ళ టైమ్‌లు సరిగ్గా వచ్చాయి, ఫోల్డర్ల టైమ్‌లన్నీ ఈరోజువే. ఎందుకు?

ఫోల్డర్‌లో ఒక ఫైల్ చేరినా, తీసేసినా, పేరు మారినా ఆ ఫోల్డర్ ఎంటైమ్ మారుతుంది. ముందు ఫోల్డర్ టైమ్ పెట్టి తర్వాత అందులో ఫైళ్ళు కాపీ చేస్తే పెట్టింది పోతుంది. ఫైళ్ళన్నీ పెట్టేశాక, లోపలి ఫోల్డర్ నుంచి బయటికి వస్తూ టైమ్‌లు పెట్టండి. ఫైళ్ళని ఒకే ఆర్కైవ్‌గా చేర్చే గ్నూ టార్ కూడా ఫోల్డర్ల టైమ్‌లను చివరికి వాయిదా వేసుకుంటుంది.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే టైమ్ ఒక సెకను అటూ ఇటూ అవుతోంది. పెన్‌డ్రైవ్ పాడైందా?

పాడవలేదు. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఎంటైమ్‌ని రెండు సెకన్ల మెట్ల మీద దాస్తుంది. బేసి సెకను అక్కడ పట్టదు. ఏటైమ్ అయితే తేదీ మాత్రమే, గంటలు ఉండవు. పైగా ఫ్యాట్ స్థానిక కాలమానంలో దాస్తుంది కాబట్టి, పెన్‌డ్రైవ్‌ని టైమ్ జోన్ వేరుగా ఉన్న మెషీన్‌లో పెడితే గంటల తేడా కూడా రావచ్చు. అందులో తేదీలు 1980 నుంచి మొదలవుతాయి. ఫైళ్ళని సింక్ చేసే ఆర్‌సింక్ వాడేవాళ్ళకు దీనికోసమే మాడిఫై విండో ఆప్షన్ ఉంది; దానికి 1 ఇస్తే సెకను తేడాని పట్టించుకోదు.

మిగతావాటిలో ఎక్స్‌టీ3 ఒక సెకను వరకే. ఎన్‌టీఎఫ్‌ఎస్ 100 నానోసెకన్ల మెట్లు. ఎక్స్‌టీ4లో ఐనోడ్ సైజు 256 బైట్లు ఉంటే నానోసెకన్లు దొరుకుతాయి, 128 బైట్లే ఉంటే సెకన్లే. పాత డిస్క్‌ని ఎక్స్‌టీ3 నుంచి ఎక్స్‌టీ4కి మార్చుకున్నవాళ్ళు ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో ఐనోడ్ సైజు చూసుకోవాలి. కాల్ మాత్రం ఏ సందర్భంలోనూ ఫిర్యాదు చెయ్యదు, మిగులు అంకెల్ని నిశ్శబ్దంగా కత్తిరిస్తుంది. మీ టూల్ టైమ్‌లు పోల్చేదైతే, పెట్టిన వెంటనే స్టాట్‌తో తిరిగి చదివి, డిస్క్ మీద నిజంగా నిలిచిన విలువనే గుర్తుంచుకోవడం ఉత్తమం.

ఫైల్‌ని క్యాట్‌తో చదివాను, ఏటైమ్ మారలేదు. ఇంకోసారి చదివితే మారింది. లెక్కేంటి?

రిలటైమ్ అనే పద్ధతి. ప్రతి చదువుకీ డిస్క్ మీద ఏటైమ్ రాయడం దండగ ఖర్చు కనుక, 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచి లినక్స్ మామూలుగా ఇలాగే మౌంట్ చేస్తోంది. పాత ఏటైమ్ ఎంటైమ్ కంటే గానీ సీటైమ్ కంటే గానీ వెనకబడి ఉన్నా, లేదా 24 గంటలకు మించి పాతదైనా మాత్రమే చదివినప్పుడు మారుస్తుంది.

దీనివల్ల మీరు గమనించాల్సినది ఒకటుంది. మీరు ఏటైమ్‌ని పాత తేదీకి మార్చిన క్షణంలో సీటైమ్ ఇప్పటికి మారుతుంది. అంటే ఏటైమ్ సీటైమ్ కంటే వెనకబడిపోయింది. తర్వాత ఎవరు చదివినా, వాళ్ళ మొదటి చదువుతోనే మీరు పెట్టిన ఏటైమ్ పోతుంది. ఎంటైమ్‌ని భవిష్యత్తు తేదీకి పెడితే ఇంకా విచిత్రం: ఏటైమ్ ఎప్పుడూ వెనకే ఉంటుంది కాబట్టి ప్రతి చదువుకీ మారుతూనే ఉంటుంది. ఏటైమ్ నిలవాలంటే నోఏటైమ్‌తో మౌంట్ చెయ్యాలి. చదివే ప్రోగ్రామ్ మీదే అయితే, ఫైల్ ఓనర్ మీరే అయితే, ఓ నోఏటైమ్ ఫ్లాగ్‌తో ఓపెన్ చెయ్యండి.

వెంటవెంటనే రాసిన రెండు ఫైళ్ళకు నానోసెకనుతో సహా ఒకే ఎంటైమ్ ఎలా వచ్చింది?

దాచుకునే చోట నానోసెకన్లు ఉన్నా, కెర్నల్ ఫైళ్ళకు వేసే ‘ఇప్పుడు’ టిక్ టిక్‌కీ మారే గడియారం నుంచి వస్తుంది. సెటప్‌ని బట్టి ఆ టిక్ 1 నుంచి 10 మిల్లీసెకన్లు. ఒక టిక్ లోపల ఎన్ని ఫైళ్ళు రాసినా టైమ్ మామూలుగా ఒకటే. ఏది ముందు రాశామన్నది ముఖ్యమైతే ఎంటైమ్ మీద వదలకండి, వరుస నంబరు మీరే పెట్టుకోండి.

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైల్ సిస్టమ్) మీద టైమ్ మార్చాను, పక్క మెషీన్‌లో పాతదే కనిపిస్తోంది.

క్లయింట్ ఫైల్ వివరాలను కొంతసేపు క్యాష్‌లో ఉంచుకుంటుంది. లినక్స్‌లో మామూలు ఫైళ్ళకు డిఫాల్ట్ 3 నుంచి 60 సెకన్లు. ఆగి చూడండి. ఇంకో సంగతి: ‘ఇప్పుడు’ అని అడిగితే సర్వర్ గడియారం ప్రకారం పెడుతుంది, మీరే విలువ ఇస్తే ఆ విలువ వెళ్తుంది. రెండు మెషీన్ల గడియారాలూ కలవకపోతే ఈ రెండు పద్ధతులకూ తేడా కనిపిస్తుంది.

2038 తర్వాతి తేదీ పెడితే ఏమవుతుంది?

32 బిట్ల సెకన్ల లెక్క 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. 64 బిట్ల మెషీన్‌లో కాల్‌కి ఇబ్బంది లేదు, దాచుకునే ఫైల్ సిస్టమ్‌ని బట్టి ఉంటుంది. 256 బైట్ల ఐనోడ్ ఉన్న ఎక్స్‌టీ4 2446 వరకు పట్టుకుంటుంది. 128 బైట్లదైతే 2038 దాటదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో 2020 చివర్లో వచ్చిన 5.10 కెర్నల్ నుంచి బిగ్‌టైమ్ సౌకర్యం ఉంది, దానితో 2486 వరకు. కెర్నల్ 5.4 నుంచి హద్దు దాటిన తేదీ ఇస్తే, ఆ ఫైల్ సిస్టమ్ పట్టగల చివరి తేదీ దగ్గర ఆపుతుంది.

## ఇతర టూల్స్‌తో కలిసి

ఎంటైమ్ మారిస్తే మేక్, ఆర్‌సింక్ ఏమైనా అనుకుంటాయా?

అవి బతికేదే ఎంటైమ్ మీద. సోర్స్ ఎంటైమ్ టార్గెట్ కంటే కొత్తదైతే, బిల్డ్ టూల్ అయిన మేక్ తిరిగి బిల్డ్ చేస్తుంది. భవిష్యత్తు తేదీ కనిపిస్తే గడియారం తేడా ఉందని హెచ్చరిస్తుంది. ఆర్‌సింక్ సైజు, ఎంటైమ్ రెండూ కలిస్తే ఫైల్‌ని తెరిచి కూడా చూడదు. కాబట్టి ఫైల్ లోపల మార్చి, సైజు అలాగే ఉండి, మీరు పాత ఎంటైమ్ తిరిగి పెట్టేస్తే ఆ మార్పు బ్యాకప్‌లోకి ఎప్పటికీ వెళ్ళదు. మార్చిన ఫైల్‌కి పాత ఎంటైమ్ పెట్టే స్క్రిప్టులు చూస్తే నాకు నిజంగా టెన్షన్. బ్యాకప్ ఉందనే ధైర్యంతో ఉంటారు, అందులో ఉన్నది పాత కాపీ. అలాంటి ఫోల్డర్ల మీద, లోపలి సమాచారాన్నే పోల్చే చెక్‌సమ్ ఆప్షన్‌తో ఆర్‌సింక్ నడపండి.

గిట్ క్లోన్ చేస్తే ఫైళ్ళన్నిటికీ ఈరోజు తేదీ వచ్చింది. అసలు తేదీలు ఎక్కడ?

గిట్ ఫైళ్ళ ఎంటైమ్‌ని కమిట్‌లో దాచదు. కావాలంటే ప్రతి ఫైల్‌నీ చివరిసారి మార్చిన కమిట్ తేదీని గిట్ లాగ్ నుంచి తీసి మీరే పెట్టుకోవాలి. పని చేస్తున్న రెపోలో మాత్రం అలా చెయ్యకండి, బిల్డ్ టూల్స్ అయోమయంలో పడతాయి.

బ్యాకప్ ప్రోగ్రామ్ చదివాక పాత ఏటైమ్ తిరిగి పెట్టేస్తే మంచిదేగా?

మంచిది కాదు. తిరిగి పెట్టడమే సీటైమ్‌ని కదిలిస్తుంది. సీటైమ్ చూసి ఏది మారిందో తేల్చుకునే ఇంక్రిమెంటల్ బ్యాకప్ అయితే, రేపు అన్ని ఫైళ్ళూ మారినట్టే కనిపిస్తాయి. ఓ నోఏటైమ్‌తో ఓపెన్ చేస్తే ఏ టైమూ కదలదు. గ్నూ టార్‌లో ఏటైమ్ ప్రిజర్వ్ ఆప్షన్‌కి ‘సిస్టమ్’ విలువ ఇస్తే ఇదే చేస్తుంది, ‘రీప్లేస్’ ఇస్తే పాత పద్ధతి.

ఎంటైమ్ ఇంత తేలిగ్గా మార్చగలిగితే, దాన్ని సాక్ష్యంగా ఎలా నమ్మాలి?

ఒంటరిగా నమ్మకూడదు. ఉత్తరం పైన తేదీ రాసేది మనం, ముద్ర వేసేది పోస్టాఫీసు. ఎంటైమ్ మనం రాసే తేదీ. సీటైమ్ కెర్నల్ వేసే ముద్ర. యూటైమెన్సాట్‌తో టైమ్ మార్చిన ప్రతిసారీ సీటైమ్ ఇప్పటికి మారుతుంది, దానికి ఇష్టమైన విలువ పెట్టే కాల్ లేదు. స్టాట్ కమాండ్‌తో చూసినప్పుడు ఎంటైమ్ రెండేళ్ళ నాటిది, సీటైమ్ నిన్నటిది అయితే నిన్న ఏదో జరిగిందని అర్థం. కాపీ చేసినా, పర్మిషన్ మార్చినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి తేడా ఉన్నంత మాత్రాన ఎవరినీ తప్పుపట్టకండి. సీటైమ్ కూడా ఉక్కు కోట కాదు: రూట్ అధికారం ఉన్నవాళ్ళు సిస్టమ్ గడియారాన్ని వెనక్కి తిప్పవచ్చు, డీబగ్‌ఎఫ్‌ఎస్‌తో ఐనోడ్‌నే మార్చవచ్చు. గొడవ కోర్టు దాకా వెళ్ళేదైతే వేరే మెషీన్‌కి పంపిన లాగులు, బ్యాకప్‌లు కలిపి చూడాలి.

## విండోస్, మ్యాక్

విండోస్‌లో దీనికి సమానమైనది ఏది?

సెట్‌ఫైల్‌టైమ్. అక్కడ మూడు టైమ్‌లు పెట్టొచ్చు: పుట్టిన టైమ్, చివరిగా చదివిన టైమ్, చివరిగా రాసిన టైమ్. పుట్టిన టైమ్‌ని కూడా మార్చనిస్తుంది, లినక్స్‌కీ దీనికీ ఇదే పెద్ద తేడా. దేన్ని వదిలెయ్యాలో దానికి నల్ ఇవ్వాలి. విలువలు 1601 జనవరి 1 నుంచి 100 నానోసెకన్ల యూనిట్లలో లెక్క. హ్యాండిల్ (లినక్స్‌లో డిస్క్రిప్టర్ లాంటిది) తెరిచేటప్పుడు ఫైల్ రైట్ ఆట్రిబ్యూట్స్ హక్కు అడగాలి. ఫోల్డర్ హ్యాండిల్ కావాలంటే క్రియేట్‌ఫైల్‌కి బ్యాకప్ సిమాంటిక్స్ ఫ్లాగ్ ఇవ్వాలి. అది లేక ఫోల్డర్ల దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామంది.

మ్యాక్‌లో ఎంటైమ్ వెనక్కి పెడితే ఫైల్ పుట్టిన తేదీ కూడా వెనక్కి పోయింది. బగ్గా?

బగ్ కాదు. పుట్టకముందే ఫైల్ మారిందంటే అర్థం లేదు కాబట్టి, మీరు పెట్టిన ఎంటైమ్ పుట్టిన టైమ్ కంటే పాతదైతే పుట్టిన టైమ్‌ని కూడా అక్కడికి జరుపుతుంది. ఫ్రీబీఎస్‌డీలోనూ ఇదే పద్ధతి. ఎంటైమ్‌ని తర్వాత ముందుకు తెచ్చినా పుట్టిన టైమ్ తిరిగి రాదు. మ్యాక్‌లో దాన్ని విడిగా పెట్టడానికి సెట్‌ఆట్ర్‌లిస్ట్ కాల్ ఉంది. పాత్‌తో పిలిచే యూటైమెన్సాట్ మ్యాక్‌లోకి 10.13తో, 2017లో వచ్చింది. అంతకంటే పాత మ్యాక్‌లలో కూడా నడవాల్సిన కోడ్ అయితే యూటైమ్స్ మీదే ఆధారపడాలి, మైక్రోసెకన్లతో సరిపెట్టుకోవాలి.